కరిగించకుండా విప్పగలిగే నగ

పాత హారం ఇచ్చి కొత్తది తెచ్చుకోవడం తెలుగు ఇళ్లలో కొత్త సంగతి కాదు. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో అయినా, బంజారాహిల్స్ షోరూంలో అయినా జరిగే వరస ఒకటే. రాళ్లు తీసి తూకం వేస్తారు, మెషీన్ కింద పెట్టి కేరట్ చూస్తారు, అనుమానం వస్తే కరిగిస్తారు, తేలిన బంగారానికి ఆ పూట రేటు కడతారు. కొన్న రోజున పనితనానికి 18 శాతం వీఏ (వేల్యూ అడిషన్) కట్టి ఉంటే, నగ మూసలో, అంటే కరిగించే పాత్రలో పడగానే అది పోయినట్టే. కెంపులు, పచ్చలు, ముత్యాలు పొట్లం కట్టి చేతిలో పెడతారు. వాటికి విలువ కట్టే దుకాణాలు తక్కువ.

లగ్జరీ వస్తువుల తయారీలో ఎకో డిజైన్ (పర్యావరణానికి భారం తగ్గేలా రూపొందించడం), సర్క్యులర్ ఎకానమీ (వస్తువును పారేయకుండా మళ్లీ మళ్లీ వాడుకలోకి తేవడం) అంటూ సాగుతున్న చర్చకు హైదరాబాద్ నగల వ్యాపారం మంచి పరీక్ష. ఇక్కడ లోహం తాలూకు చక్రం ఎప్పటి నుంచో తిరుగుతూనే ఉంది. బంగారాన్ని ఎవరూ చెత్తబుట్టలో వేయరు కదా. తిరగనివి మిగతావన్నీ: పనితనం, రాళ్లు, ముత్యాలు, పట్టు, యాసిడ్, నీళ్లు. అవి మళ్లీ వాడుకలోకి వస్తాయా రావా అన్నది నగ పాతబడ్డాక తేలే విషయం కాదు. చేసే రోజున ఏ ముక్కను ఏ ముక్కకు దేనితో అతికారన్న దగ్గరే అది తేలిపోతుంది.

ముద్ర వేరు, డిజైన్ వేరు

మనుషులు ఇంతవరకు తవ్వి తీసిన బంగారం 2 లక్షల టన్నుల పైమాటే. అందులో చాలా భాగం ఇప్పటికీ నగగానో బిస్కెట్‌గానో ఎక్కడో ఒకచోట ఉంది. 2024లో ప్రపంచ మార్కెట్‌కు గనుల నుంచి సుమారు 3,600 టన్నులు వస్తే, పాత బంగారం నుంచి సుమారు 1,370 టన్నులు వచ్చింది. ఈ పాత బంగారం ఎవరు అడిగినా అడగకపోయినా మార్కెట్‌కు వచ్చేదే. ఒక బ్రాండ్ తనకు కావలసిందంతా అందులోంచే తీసుకుంటే, ఆ మేరకు ఇంకొకరు గని బంగారం కొంటారు. మొత్తం మీద తవ్వకం తగ్గదు.

డెన్మార్క్‌కు చెందిన నగల కంపెనీ పండోరా 2024 నాటికి గని వెండి, గని బంగారం మానేసి పూర్తిగా రీసైకిల్ లోహానికి మారినట్టు ప్రకటించింది. తన లోహం ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకునే క్రమశిక్షణగా ఇది మెచ్చుకోదగ్గదే. అయితే ఇది కొనుగోలు విధానం. నగను చూసి ఇది సులువుగా విడుతుందా, బాగవుతుందా, మరో రూపంలోకి మారుతుందా అని అడిగితే రీసైకిల్ అన్న ఆ ముద్ర దగ్గర సమాధానం ఉండదు.

టంకం తినే 8 గ్రాములు

40 గ్రాముల 22 కేరట్ల పాత గొలుసు ఒకటి అనుకుందాం. లింకులు, కొక్కెం, పతకం వెనక అతుకులు అన్నీ కలిపి 4 గ్రాముల టంకం, అంటే ముక్కలను అతికే లోహం పట్టింది. ఆ టంకం 18 కేరట్లది, అంటే వెయ్యి పాళ్లలో బంగారం 750. మిగతా 36 గ్రాములు 916. అంతా కలిపి కరిగిస్తే ముద్దలో ఉండే బంగారం 35.98 గ్రాములు, స్వచ్ఛత 899. అమ్మేటప్పుడు 916 అన్న నగ కొనేటప్పుడు 90 శాతం లోపు చూపిస్తే ప్రతిసారీ మోసమే కానక్కర్లేదు. అతుకుల లెక్క అది.

ఆ ముద్దను నేరుగా మళ్లీ 916 చేయాలంటే 8 గ్రాముల మేలిమి బంగారం కలపాలి. 899కి, 916కి మధ్య తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, మేలిమికి, 916కి మధ్య ఉన్న జాగా కూడా చిన్నదే కాబట్టి పలుచన చేయడానికి అంత పడుతుంది. 40 గ్రాముల పాత నగను తిరిగి నిలబెట్టడానికి అందులో ఐదో వంతు కొత్త బంగారం అన్నమాట. అది వద్దనుకుంటే యాసిడ్‌లో వేసి మొదటి నుంచి శుద్ధి చేయాలి. 4 గ్రాముల టంకం కోసం 36 గ్రాముల మంచి లోహం కూడా యాసిడ్ స్నానం చేయాల్సి వస్తుంది.

ఈ చిక్కుకు ఒకప్పుడు దొరికిన విరుగుడు కాడ్మియం. 92 పాళ్ల బంగారంలో 8 పాళ్ల కాడ్మియం కలిపితే టంకం తక్కువ వేడికే పారుతుంది, నగ స్వచ్ఛత కూడా పడిపోదు. ఇప్పటికీ కొందరు కొనుగోలుదారులు గొప్పగా అడిగే కేడీఎం ఇదే. లోహం లెక్కలో అది మంచి డిజైన్, మనిషి లెక్కలో ఘోరం. కాడ్మియం 767 డిగ్రీల సెల్సియస్‌కే ఆవిరవుతుంది. అతుకు వేసే మంట అంతకంటే వేడి. ఆ పొగ పీల్చినవారి ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే హాల్‌మార్క్ నగల్లో దానికి చోటు లేకుండా పోయింది. ఇప్పుడు జింక్, ఇండియం కలిపిన 916 టంకాలు దొరుకుతున్నాయి. స్వచ్ఛత నిలుస్తుంది, పొగ విషం కాదు. కాకపోతే ఇవి కరిగే వేడికి, నగ కరిగే వేడికి మధ్య ఎడం తక్కువ. సన్నటి తీగ పని మీద మంట ఒక్క క్షణం ఎక్కువ నిలిస్తే తీగే కూలిపోతుంది. పనివాడు పాత టంకం వైపు మొగ్గడానికి బద్ధకం కంటే ఈ భయమే ఎక్కువ కారణం.

లేజర్ వెల్డింగ్ అయితే టంకమే అక్కర్లేదు. అదే 916 తీగను అతుకులోకి కరిగిస్తారు. వేడి ఒక చుక్క మేరకే ఉంటుంది కాబట్టి పక్కనే ఉన్న ముత్యాన్నో పచ్చనో ఊడదీయకుండా పని జరిగిపోతుంది. రిపేరుకు ఇంతకంటే మేలైన పద్ధతి లేదు. ఇందులో జరిగే పొరపాటు ఒకటే, కానీ తరచూ జరుగుతుంది. లేజర్ పైపైనే దిగుతుంది. మందపాటి బంగారు గాజును చివరలు ఆనించి పైన చుట్టూ చుక్కలు కొడితే చూడటానికి అతుకు పడినట్టే ఉంటుంది, లోపల మాత్రం ఖాళీ. చేతికి ఎక్కించేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. అంచులను ముందు వి ఆకారంలో ఆకురాయితో దించి, అడుగు నుంచి పొరలు పొరలుగా నింపుకుంటూ రావాలి.

అసలు ప్రమాదకరమైన అతుకు ఇంకొకటి ఉంది. మంట పెట్టే ఓపిక లేక సీసం, తగరం కలిసిన ఎలక్ట్రికల్ టంకంతో వేసిన రిపేరు. పాత కమ్మల శీలల దగ్గర, గిల్టు పని చేసేవాళ్ల చేతిలో పడి వచ్చిన నగల్లో ఇది కనిపిస్తుంది. బూడిద రంగులో, గోటితో నొక్కితే గీత పడేంత మెత్తగా ఉంటుంది. చూడకుండా మూసలో వేస్తే ఆ పోతంతా చెడినట్టే. బంగారంలో సీసం 0.05 శాతం ఉన్నా చాలు, లోహపు రేణువుల అంచుల్లో చేరి పెళుసు చేస్తుంది. రేకు సాగదీసేటప్పుడు రోలర్ కింద అంచులు పగుళ్లు ఇస్తాయి. తిరిగి కాల్చినా, మళ్లీ కరిగించినా పోదు. శుద్ధి చేయడమే దారి. కరిగించే ముందు పాత నగను భూతద్దం కింద తిప్పి చూసి, బూడిద రంగు చుక్క ఉన్న చోటును కత్తిరించి పక్కన పెట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది.

రాయి ఎలా కూర్చుందన్నదే ప్రశ్న

విప్పదీయడం అనే కోణంలో చూస్తే, లోహపు కొసలతో రాయిని పట్టి ఉంచే ప్రాంగ్ సెట్టింగ్ అన్నిటికంటే సులువు. కొసలు ఎత్తితే రాయి బయటికి వస్తుంది. అయితే అదే కొసను నాలుగైదు సార్లు వంచి సరిచేస్తే గట్టిపడి విరుగుతుంది. అందుకని మొదటి డిజైన్‌లోనే కొసలకు కాస్త పొడవు, మందం వదలడం మంచిది. అర గ్రాము బంగారం మిగిల్చి తూకం తగ్గించామని చెప్పుకునే సన్నటి క్యాడ్ (కంప్యూటర్‌లో గీసిన) డిజైన్లు ఇక్కడే దెబ్బతింటాయి. కొస అరిగిపోతే కొత్తది అతకాలి, దానికి మళ్లీ మంట.

పాతబస్తీలో రాళ్లు పొదిగే జడావు పనిని పాతకాలపు పద్ధతి అని పక్కన పెట్టేవారు గమనించనిది ఒకటుంది. ఆ పనిలోని కుందన్ పొదుగులో మంటా లేదు, టంకమూ లేదు. బంగారు గూడులో లక్క నింపి, మీద రాయి పెట్టి, చుట్టూ మేలిమి బంగారపు సన్నటి రేకును సలాకతో ఒత్తుతారు. మేలిమి బంగారం మేలిమితో ఒత్తిడికే అతుక్కుంటుంది. విప్పాలంటే రేకును అదే సలాకతో లేపి, గూడు వెనక కొద్దిగా వేడి తగిలిస్తే లక్క మెత్తబడి రాయి చెక్కుచెదరకుండా వస్తుంది. నీళ్లు మరిగే వేడి కూడా అక్కర్లేదు. ఆ గుణమే దీని బలహీనత కూడా. మే నెలలో పార్కింగ్‌లో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద లక్క నింపిన నగను వదిలేస్తే రాళ్లు కదులుతాయి.

కుందన్ నగలు పాడయ్యేది ఎక్కువగా శుభ్రం చేసేటప్పుడే. రాయి కింద మెరుపు కోసం వెండి రేకు పెడతారు. తెలియనివారు ఆ నగను అల్ట్రాసోనిక్ (కంపనాలతో మురికి వదిలించే మెషీన్) నీళ్లలో ముంచినా, ఆవిరి పట్టినా రేకు కిందికి నీరు చేరి నల్లబడుతుంది. రాయి చచ్చినట్టు కనిపిస్తుంది. రాయి బాగానే ఉంటుంది, రేకు మారిస్తే సరిపోతుంది. కానీ ఆ మాట చెప్పేవారు లేక చాలా నగలు నేరుగా మూసలోకి వెళ్తాయి. మెత్తటి పొడి బ్రష్, పొడి గుడ్డ తప్ప మరేదీ వీటికి తగలకూడదు.

రాళ్లలో ఒక్కోదానికి ఒక్కో గండం ఉంది. పచ్చల్లో పగుళ్లు కనబడకుండా నూనె పట్టిస్తారు. మంట సోకినా, అల్ట్రాసోనిక్‌లో వేసినా నూనె పోయి పగుళ్లు బయటపడతాయి. పగుళ్లలో సీసపు గాజు (గ్లాస్) నింపిన కెంపును వెలిగారం (బోరాక్స్), యాసిడ్ తినేస్తాయి. అతుకు వేశాక నగను పలచటి సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో వేయడం మామూలు పని. ఆ కాసేపటికే కెంపు మీద తెల్లటి గీతలు తేలతాయి. వజ్రం గట్టిదే అయినా గాలి తగిలే మంటలో పైపొర కాలి మసకబారుతుంది. అందుకే బోరిక్ యాసిడ్ పొడిని స్పిరిట్‌లో కలిపి ముందుగా పూస్తారు. నగ పుట్టినప్పుడు దాని రాళ్లకు ఏ చికిత్స జరిగిందో రాసి ఉంటే తర్వాతి చేయి జాగ్రత్త పడుతుంది. రాసి లేకపోతే రాయి బలవుతుంది.

ముత్యం, జిగురు

హైదరాబాద్ ముత్యాల ఊరు అనిపించుకున్నది ముత్యాలు పండించి కాదు, పని చేసి. ఇప్పుడు పత్తర్‌గట్టి దుకాణాలకు వచ్చేవి ఎక్కువగా చైనా మంచినీటి పెంపకపు ముత్యాలు. ఇక్కడి పనితనం వాటిని ఏరడం, రంధ్రం వేయడం, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో తెల్లబరచడం, గుచ్చడం.

గుచ్చిన దండ సర్క్యులర్ డిజైన్‌కు సాటిలేని ఉదాహరణ. అరిగేది పట్టుదారం ఒక్కటే. రోజూ వేసుకునే దండకు ఏడాదికో రెండేళ్లకో దారం మార్చి, ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి వేస్తే తరాలు నడుస్తుంది. ముడి ఉంటే రెండు లాభాలు: ముత్యాలు ఒకదానికొకటి రాసుకోవు, దారం తెగినా ఒక్కటే జారుతుంది. నైలాన్ దారం తెగదు కదా అని వాడేవారున్నారు. తెగదు, నిజమే, కానీ రంధ్రం అంచును కోస్తుంది. దారం తెగడం కంటే ముత్యం చెడటం పెద్ద నష్టం.

ఇబ్బంది అంతా సగం రంధ్రం వేసి పిన్ను మీద ఎపాక్సీ జిగురుతో అంటించిన ముత్యాలతో. కమ్మలు, పతకాలు, ఉంగరాల్లో ఇదే పద్ధతి. ముత్యం అంటే కాల్షియం కార్బొనేట్, దాని మధ్య కొద్దిపాటి మాంసకృత్తు, తేమ. వేడి చేస్తే ఎపాక్సీ వదులుతుంది, ఆ లోపే ముత్యం తెల్లబారి పగులుతుంది. యాసిడ్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ముత్యం అందులో కరిగిపోతుంది. ద్రావకంలో రోజుల తరబడి నానబెట్టడం ఒకటే మార్గం. దానికి కూలి ముత్యం ధర కంటే ఎక్కువవుతుంది. కాబట్టి సాధారణ ముత్యాన్ని విరగ్గొట్టి పిన్ను తీస్తారు. దీనికి డిజైన్‌లోనే మందు ఉంది. ముత్యానికి పూర్తి రంధ్రం వేసి, పిన్ను రెండో కొసన చిన్న బంగారు టోపీ మరలాగా బిగించడం. ఒక్కో ముత్యానికి లోహం కాస్త ఎక్కువ పడుతుంది, జిగురు అక్కర్లేదు. ఖరీదైన దక్షిణ సముద్రపు ముత్యాలకైతే రంధ్రం రెండోవైపు కనపడటం ఇష్టపడరు. అక్కడ పాత కాలపు లక్క జిగురే మేలు, తక్కువ వేడికే వదులుతుంది.

ఇలా విప్పి కూర్చుకునే ఆలోచన మనకు అరువు తెచ్చుకున్నది కాదు. కాసులపేరు చూడండి. ప్రతి కాసూ విడి ముక్క. ఏడాదికి రెండు కాసులు చేరిస్తే పెరుగుతుంది, ఇద్దరు కూతుళ్లకు పంచితే రెండు అవుతుంది, ఒకటి నొక్కుకుపోతే అదొక్కటే మారుతుంది. ఎక్కడా మూస అవసరం రాదు. అదే తర్కంతో ఇవాళ కొందరు డిజైనర్లు పతకం ఊడదీస్తే చోకర్‌గా, చేరిస్తే హారంగా మారే నగలు చేస్తున్నారు. అందులో కీలకం మర. 22 కేరట్లలో కోసిన మర మెత్తగా ఉండి త్వరగా అరుగుతుంది. మర, శీల, కొక్కెం 18 కేరట్లలో చేయడం పనితనం దృష్టితో సరైనదే, కానీ కరిగించే రోజున పైన చెప్పిన టంకం లెక్కే మళ్లీ ఎదురవుతుంది. ఊడివచ్చేలా చేస్తే దాన్ని విడిగా కరిగించవచ్చు. అతికేస్తే కుదరదు.

కార్ఖానాలో కనబడని బంగారం

నెలకు 10 కిలోల బంగారం చేతులు మారే కార్ఖానాలో అర శాతం జారిపోయినా 50 గ్రాములు. అది ఎక్కడికీ పోదు. రజనుగా (రాకినప్పుడు రాలే పొడిగా) నేల మీద, మెరుగు పెట్టే బఫింగ్ చక్రపు దూదిలో, చేతులు కడిగిన నీళ్లలో, కూర్చున్న చాపలో ఉంటుంది. పాతబస్తీ స్వర్ణకారుల వీధుల్లో మట్టి ఊడ్చి, జాలించి బంగారం తీసుకునేవారు ఈ లెక్క మీదే బతికారు.

పద్ధతిగా పట్టుకోవాలంటే పెద్ద యంత్రాలు అక్కర్లేదు. 22 కేరట్లకు, 18 కేరట్లకు, వెండికి వేర్వేరు రజను డబ్బాలు. ప్రతి సాయంత్రం రజను మీద అయస్కాంతం తిప్పి ఆకురాయి నుంచి రాలిన ఉక్కును తీసేయడం. బఫింగ్ దగ్గర దుమ్ము లాగే ఫ్యాను, దానికి ఫిల్టర్ సంచి. చేతులు కడిగే నీళ్లు వరుసగా మూడు తొట్లలో నిలిచి, తేరాకే బయటికి వెళ్లడం. నెలకోసారి అడుగు మట్టి తీసి ఆరబెట్టడం. నష్టం ఎక్కువగా జరిగేది చివరి మెట్టులో. దూది, ఎమెరీ కాగితం, చాప ముక్కలు బూడిద చేయడానికి మూకుడులో వేసి పెద్ద మంట పెడతారు. ఎగసే పొగతో పాటు సన్నటి బంగారం కూడా లేచిపోతుంది. మూత ఉన్న కొలిమిలో నెమ్మదిగా కాల్చి, బూడిద పూర్తిగా బూడిద రంగుకు వచ్చాకే వెలిగారం, సోడా కలిపి కరిగించాలి.

పోత పనిలో మరో లెక్క ఉంది. మైనపు నమూనాలను ఒక కాండానికి కొమ్మల్లా అమర్చి, వాటి అచ్చులో లోహం పోసే మైనపు చెట్టు పద్ధతిలో పోసిన లోహంలో సగం దాకా కాండంలోనే మిగులుతుంది. దాన్నే మళ్లీ మళ్లీ పోస్తే జింక్ ఆవిరవుతూ, ఆక్సైడ్లు పేరుకుంటూ నగలో సూదిమొన రంధ్రాలు వస్తాయి. పాత లోహం సగానికి మించకుండా, మిగతా సగం కొత్తది కలపాలన్న కార్ఖానా నియమం అందుకే పుట్టింది. చెట్టు మీద నగలను దగ్గరగా అమర్చి కాండాన్ని సన్నం చేస్తే తిరిగొచ్చే లోహం తగ్గుతుంది. మరీ సన్నం చేస్తే నగ గడ్డకట్టేలోపే కాండం గడ్డకట్టి నగ లోపల గుల్ల పడుతుంది. ఇది క్యాడ్ కంప్యూటర్ ముందు కూర్చున్నవారు, పోత పోసేవారు కలిసి తేల్చుకోవాల్సిన కొలత.

శుద్ధి గురించి చెప్పకుండా పర్యావరణం మాట ఎత్తడం అన్యాయం. మూడు పాళ్ల హైడ్రోక్లోరిక్ యాసిడ్‌కు ఒక పాలు నైట్రిక్ యాసిడ్ కలిపిన ద్రావకంలో పాత బంగారం కరుగుతుంది, గోధుమ రంగు పొగ వస్తుంది. వెండి పది శాతం దాటిన లోహమైతే వెండి క్లోరైడ్ తెల్లటి పొరగా కప్పి లోపలి బంగారాన్ని యాసిడ్‌కు అందనివ్వదు. అప్పుడు ముందు వెండో రాగో కలిపి బంగారం పావు వంతుకు తగ్గేలా చేసి, నైట్రిక్ యాసిడ్‌తో వేరు చేయాలి. ద్రావకంలో మిగిలిన నైట్రిక్ యాసిడ్‌ను యూరియాతో చంపకుండా, బంగారాన్ని అడుక్కి దించే సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే, అడుక్కి దిగిన బంగారం మళ్లీ కరుగుతుంది. మందు వృథా, రోజు వృథా.

బంగారం తీసేశాక మిగిలిన ఆకుపచ్చ నీళ్లలో రాగి, జింక్ ఉంటాయి. చాలాచోట్ల కథ ఇక్కడే డ్రైనేజీలో ముగుస్తుంది, అక్కడి నుంచి మూసీకి. ఆ నీళ్లలో ఇనుప తుక్కు వేస్తే రాగి దాని మీద ఎర్రగా పేరుకుంటుంది, అమ్ముకోవచ్చు. తర్వాత సున్నమో కాస్టిక్ సోడానో వేసి పీహెచ్ 9 దాకా తెస్తే మిగతా లోహాలు మడ్డిగా దిగుతాయి. ఆ మడ్డిని ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవారికి ఇవ్వాలి. గోధుమ రంగు పొగను కాస్టిక్ సోడా నీళ్ల గుండా పంపాలి, డాబా మీదికి కాదు. మెరుపు కోసం సైనైడ్, పెరాక్సైడ్ కలిపి చేసే బాంబింగ్ పని ఉన్న చోట సైనైడ్ నీళ్లు, యాసిడ్ నీళ్లు ఒకే కాలువలో కలవకూడదు. కలిస్తే వచ్చేది ప్రాణం తీసే వాయువు. దీని మీద ఎంత చెప్పినా తక్కువే.

జరీ చీర, మగ్గం జాకెట్టు

నగల పక్కనే ఇంకో విలాస వస్తువు పట్టు చీర. పాత జరీ చీరలు కొంటామని తిరిగేవారు చీర కోసం రారు, వెండి కోసం వస్తారు. అసలు జరీ అంటే పట్టు పోగు చుట్టూ చదును చేసిన వెండి తీగ చుట్టి, మీద బంగారం పూత వేసింది. కాల్చితే పట్టు బూడిదవుతుంది, వెండి ఉండలుగా మిగులుతుంది. పాలిస్టర్ జరీ అయితే నల్లటి ముద్దగా కరిగి అంటుకుంటుంది, చేతికి ఏమీ రాదు. ఇక్కడా అదే కథ: లోహం బతికింది, నేత చచ్చింది.

గద్వాల చీరలో దీనికి జవాబు నేతలోనే ఉంది. ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. కుప్పడం పద్ధతిలో అంచు పోగులను ఒంటి పోగులతో పెనవేస్తారు. నూలు ఒళ్లు చిరిగినా అంచు నిక్షేపంగా ఉంటుంది. దాన్ని కోసి కొత్త చీరకు వేయించుకోవచ్చు. కోసేటప్పుడు పెనవేసిన గీత మీదనే కత్తెర పెడితే పోగులు విడిపోతాయి. నూలు వైపు అర అంగుళం వదిలి కోసి, మడిచి కుట్టాలి.

మగ్గం పని జాకెట్ల దగ్గర మాత్రం పరిస్థితి బాగాలేదు. వేల రూపాయల పని జాకెట్టు గుడ్డ మీద నేరుగా కుట్టేస్తున్నారు. మనిషి లావైతే పని అంతా బీరువాలో. చేతి పట్టీ, మెడ పట్టీ, వీపు పతకం విడి గుడ్డల మీద చేయించి తర్వాత జాకెట్టుకు కుట్టించుకుంటే అవి మూడు జాకెట్లు మారినా నిలుస్తాయి. పక్క కుట్ల లోపల రెండేసి అంగుళాల గుడ్డ వదలడం పాత దర్జీలందరికీ తెలిసిన ఎకో డిజైనే.

యూరప్‌కు ఎగుమతి చేసేవారికి ఎకో డిజైన్ ఇక ఇష్టాయిష్టాల విషయం కాదు. బ్రిటన్ లగ్జరీ బట్టల సంస్థ బర్బెరీ 2017-18లో 2.86 కోట్ల పౌండ్ల విలువైన అమ్ముడుపోని సరుకును నాశనం చేసిందని బయటపడి గొడవయ్యాక, 2018 సెప్టెంబరులో ఆ పని మానేస్తున్నట్టు ప్రకటించింది. ఫ్రాన్స్ 2022 నుంచి అమ్ముడుపోని సరుకు ధ్వంసాన్ని నిషేధించింది. యూరోపియన్ యూనియన్ ఎకో డిజైన్ నియమావళి 2024 జూలై 18 నుంచి అమల్లోకి వచ్చింది. పెద్ద కంపెనీలు అమ్ముడుపోని బట్టలు, చెప్పులు ధ్వంసం చేయడంపై నిషేధానికి 2026 జూలై 19 తేదీ పెట్టింది. వస్తువు వివరాలన్నీ నమోదు చేసే డిజిటల్ పాస్‌పోర్ట్ కూడా అందులోదే. బట్టలు మొదటి వరుసలో ఉన్నాయి, నగలు లేవు. ఖరీదైన వస్తువుల పుట్టుపూర్వోత్తరాలు నమోదు చేయడానికి యూరప్ లగ్జరీ సంస్థలు ఎల్‌వీఎంహెచ్, ప్రాడా, కార్టియే కలిసి 2021లోనే ఆరా అనే బ్లాక్‌చెయిన్ (తర్వాత మార్చడం కష్టమైన డిజిటల్ రికార్డు) కూటమి పెట్టుకున్నాయి.

బిల్లు మీద రాయాల్సినవి

మన దగ్గర పాస్‌పోర్ట్‌కు పునాది ఇప్పటికే ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు ఇచ్చే విడి గుర్తింపు కోడ్) లేకుండా హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ కోడ్ కొడితే నగ రకం, స్వచ్ఛత, హాల్‌మార్క్ వేసిన కేంద్రం కనిపిస్తాయి. కానీ అది లోహపు చిరునామా మాత్రమే. టంకం ఏది, జిగురు ఉందా, పచ్చకు నూనె పట్టించారా అన్నది అందులో లేదు. పైగా కుందన్, పోల్కీ (సాన పట్టని వజ్రాలు పొదిగినవి), జడావు నగలకు తప్పనిసరి హాల్‌మార్కింగ్ నుంచి మినహాయింపు ఉంది. రాళ్లు, లక్క, బంగారం కలగలిసి ఎక్కువ తగాదాలు వచ్చే నగలు అవే.

అవన్నీ చూపే యాప్ రాకముందే బిల్లు వెనక ఈ కొన్ని ముక్కలు రాస్తే చాలు: మొత్తం తూకం, లక్క తూకం, రాళ్ల తూకం, నికర బంగారం, టంకం స్వచ్ఛత లేదా లేజర్ అని, జిగురు వాడిన చోట్లు, రాళ్లకు జరిగిన చికిత్స, నీళ్లు, ఆవిరి తగలకూడదా అన్నది, విడదీసే వరస. లక్క తూకం నింపే రోజున తప్ప మరెప్పుడూ కచ్చితంగా తెలియదు, కాబట్టి అది తయారీ కార్ఖానాలోనే రాసి రావాలి.

ఇక కూలి. 40 గ్రాముల నగ కరిగించడం పది నిమిషాల పని. జడావు హారాన్ని రాయి రాయిగా విప్పి, రేకులు లేపి, రాళ్లను కొలతల వారీగా పొట్లాలు కట్టడం పూర్తి రోజు పని, అదీ చెయ్యి తిరిగినవారికి. ఈ రోజు కూలి ఎవరు ఇస్తారన్నది తేలనంత కాలం దుకాణం మూస వైపే మొగ్గుతుంది. విప్పుడు కూలి ఇంత, తిరిగి వాడదగ్గ రాళ్లకు క్యారట్ లెక్కన ఇంత, పాత పొదుగు అలాగే వాడితే కొత్త వీఏలో తగ్గింపు ఇంత అని ఎక్స్ఛేంజ్ బిల్లులో మూడు వరుసలు చేరితే లెక్క మారుతుంది. పెద్ద పచ్చలు, మంచి పోల్కీలు ఉన్న నగలకు ఆ కూలి పోను మిగులుతుంది. చిన్న సీజెడ్ (వజ్రంలా మెరిసే కృత్రిమ) రాళ్లు జిగురుతో అంటించిన తేలికపాటి నగలకు ఎంత లెక్క వేసినా మిగలదు, అవి మూసలోకే పోతాయి.